పిడుగు ఎక్కడో, పోయింది ఇక్కడ

ఒరేయ్,

జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. వారం రోజులుగా ఆ ట్యాంకు లెవెల్ సెన్సర్‌తోనే సరిపోయింది. మూడోసారి పోయిందిరా! మొదటి రెండుసార్లూ కొత్తది బిగించి చేతులు దులుపుకున్నా. ఈసారి పంతం పట్టి ప్యానెల్ ముందు కూర్చున్నా.

పిడుగు ట్యాంకు మీద పడనే లేదు. అయినా ఎలా పోయిందంటావా? ట్యాంకు దగ్గరో ఎర్త్, కంట్రోల్ రూమ్ దగ్గరో ఎర్త్, మధ్యలో 200 మీటర్ల కేబుల్. పిడుగు నేలలోకి దిగితే ఆ చుట్టుపక్కల నేల వోల్టేజే లేచిపోతుంది. 10 ఓమ్‌ల ఎర్త్‌లోకి 10 కిలో ఆంపియర్లు దిగాయనుకో, లక్ష వోల్టులు! రెండు ఎర్త్‌ల మధ్య తేడా వస్తే దాని దెబ్బ తినేది మన సన్నటి సిగ్నల్ కేబులే.

మరి ఎగదన్నే వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్లించే సర్జ్ ప్రొటెక్టర్ ఉంది కదా? ఉంది. దాని ఎర్త్ వైరు మీటరున్నర పొడవు, మిగులు ముక్క ముచ్చటగా చుట్ట చుట్టి, టై వేసి ఉంది. ఆ పనిమంతుడెవరో కాదు, నేనే. తిన్నటి వైరుకే మీటరుకి సుమారు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది, అంటే కరెంటు చటుక్కున మారితే అడ్డుపడే గుణం. మైక్రోసెకనుకి ఒక్క కిలో ఆంపియర్ పెరిగినా మీటరుకి వెయ్యి వోల్టులు. చుట్టితే ఇంకా ఎక్కువ. ప్రొటెక్టర్ లోపల వోల్టేజీని అణిచే గ్యాస్ ట్యూబ్, టీవీఎస్ డయోడ్ ఎంత బాగా పనిచేసినా ఆ వోల్టులన్నీ అది కాపాడాల్సిన పరికరం నెత్తినే పడతాయి. ఇప్పుడు జానెడు ముక్కే ఉంచా. లావుది, వంకర లేకుండా. ట్యాంకు వైపు కూడా ఇంకో ప్రొటెక్టర్ పెట్టి, దాని ఎర్త్‌నీ సెన్సర్ బాడీనీ ఒకే బార్‌కి కలిపా. ఒక్క వైపే పెడితే రెండో వైపు అనాథే.

నీ బాధ వేరురా. మోటారు వేగాన్ని నడిపే డ్రైవ్ ఆన్ చేయగానే రీడింగ్ చిందులేస్తోందంటే అది పిడుగు పని కాదు. సిగ్నల్ కేబుల్ మోటారు కేబుల్‌తో ఒకే ట్రేలో పోతోందేమో చూడు. వేరుచేయి, దాటక తప్పకపోతే అడ్డంగా దాటించు. షీల్డ్‌ని, అదే కేబుల్ లోపలి తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగుని, జడలా మెలేసి ఎర్త్ చేశావా? డ్రైవ్ నాయిస్ హై ఫ్రీక్వెన్సీది, ఆ జడ దానికి సరిపోదు. షీల్డ్‌ని చుట్టూ పట్టే క్లాంప్ వెయ్యి.

కొత్తగా లైను లాగుతుంటే మాత్రం కరెంటుకి బదులు వెలుగుతో సిగ్నల్ పంపే ఫైబరే వేసెయ్, లోహం లేనిది. సగం తలనొప్పి పోతుంది.

ఒక్కసారి ప్యానెల్ తీసి ఫోటో పంపు. ఉరుములప్పుడు కాదులే, ఎండ కాసినప్పుడు. అందులో నా చుట్టలాంటిది కనిపించిందో, ఇక నేనొక్కణ్నే వెధవని కాదు.

నీ
అదే పాత తిక్కోడు