తాతగారి దావా కట్టలు

సంపాదకులకు,

మా తెనాలిలో మూడు తరాల వకీలు ఆఫీసు ఒకటి మూతపడింది. అక్కడ ముప్పయ్యేళ్లు గుమాస్తాగా చేశాను. ఆ ఇంటి తాతగారు సెకండ్ గ్రేడ్ ప్లీడరు, అంటే కింది కోర్టుల వకీలు. మద్రాసు హైకోర్టు గడప తొక్కే అర్హత ఆ తరగతికి లేదు. రాజమండ్రి ప్లీడరు ప్రకాశం పంతులు గారు కూడా ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చాకే ఆ హైకోర్టులో వాదించారు. 1961 అడ్వొకేట్ల చట్టంతో ఈ గ్రేడుల గొడవ పోయింది. కొడుకుగారు అడ్వొకేటు. మనవడిది హైదరాబాదు.

మొన్న కోర్టు తీర్పులు అచ్చేసే మద్రాసు లా జర్నల్ సంపుటాలు కిలోల లెక్కన పాతపేపర్లవాడి తక్కెడెక్కాయి. ఎర్రగుడ్డ మూటల్లో కాలవగట్టు తగాదాలు, పంపకాల దావాలు మిగిలాయి. వీటిని ఎక్కడైనా భద్రపరుద్దామంటే కక్షిదారుల గుట్టు బయటపడుతుందట! వందేళ్లనాటి పంపకాల్లో గుట్టేమిటండీ? బార్ అసోసియేషన్లు వీటికో బీరువా ఇవ్వలేవా?

– విశ్రాంత వకీలు గుమాస్తా, తెనాలి