‘ఫలానా అధ్యక్షుడు నియమించిన జడ్జి’ అంటే సరిపోతుందా?

సంపాదకుడు గారికి,

అమెరికా ఫెడరల్ కోర్టుల తీర్పులపై మన పత్రికల్లో వచ్చే వార్తల్లో న్యాయమూర్తి పేరుకు ముందు ‘ఒబామా నియమించిన’, ‘ట్రంప్ నియమించిన’ అనే మాటలు తరచుగా కనిపిస్తున్నాయి. హెచ్‌-1బీ నిబంధనలపై వ్యాజ్యాలు సాధారణంగా ముందు అక్కడి డిస్ట్రిక్ట్ కోర్టులకే వెళ్తాయి కనుక ఈ వార్తలను తెలుగు కుటుంబాలు శ్రద్ధగా చదువుతాయి. అక్కడి నియామకాల్లో రాజకీయం లేదని నేననను. అయితే నియమించిన వారి పేరే కొలమానమైతే జె. వేటీస్ వేరింగ్ వంటి న్యాయమూర్తిని మనం ఎన్నటికీ అర్థం చేసుకోలేం.

1880లో సౌత్ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో, అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడిన సైనికుడికి కుమారుడిగా పుట్టిన వేరింగ్‌ను జాతి విభజనను సమర్థించే సెనేటర్లే సిఫారసు చేయగా, అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఫెడరల్ డిస్ట్రిక్ట్ జడ్జి పదవికి ఎంపిక చేశారు. 1942లో బాధ్యతలు చేపట్టే నాటికి ఆయన వయసు అరవై దాటింది. ఆ వయసులో మనిషి మారతాడని ఎవరనుకుంటారు?

1946 ఫిబ్రవరిలో, సైన్యం నుంచి విడుదలై ఇంకా యూనిఫారంలోనే ఇంటికి వెళ్తున్న ఐజాక్ వుడార్డ్ అనే నల్లజాతి సైనికుడిని ఒక చిన్న పట్టణ పోలీసు అధిపతి కొట్టి, రెండు కళ్లూ పోగొట్టాడు. ఆ కేసు విచారణ వేరింగ్ ఎదుటే జరిగింది. అందరూ తెల్లవారే ఉన్న జ్యూరీ నిందితుడిని అరగంటలో విడిచిపెట్టింది. తన కోర్టులోనే జరిగిన ఆ అన్యాయం ఆయనను కుదిపేసింది. మరుసటి ఏడాది డెమోక్రటిక్ పార్టీ ప్రైమరీలలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో, నల్లజాతీయులకు ఓటు హక్కు ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పారు. 1951లో సౌత్ కరోలినాలోని క్లారెండన్ కౌంటీ పాఠశాలల కేసులో, తెల్ల, నల్లజాతి పిల్లలకు వేర్వేరు బడులు ఉండే విభజనను ఇద్దరు సహ న్యాయమూర్తులు సమర్థించగా, వేరు చేయడమే అసమానత అని ఆయన ఒక్కరే విడిగా రాశారు. 1954లో సుప్రీంకోర్టు కూడా ఏకగ్రీవంగా ఆ నిర్ణయానికే వచ్చింది.

మన హైకోర్టు న్యాయమూర్తికి 62 ఏళ్లకు పదవీ విరమణ ఉంటుంది. ఫెడరల్ న్యాయమూర్తికి వయోపరిమితి లేదు, జీతం తగ్గించడానికి వీల్లేదు, అభిశంసన తప్ప తొలగించే మార్గం లేదు. రాజ్యాంగం ఇచ్చిన ఆ రక్షణ వేరింగ్ పదవిని కాపాడింది గానీ, ఇంటి మీద పడిన రాళ్లను ఆపలేదు. పాత స్నేహితులు గడప తొక్కడం మానేశారు. 1952లో విరమించి న్యూయార్క్ వెళ్లిపోయిన ఆయన 1968లో మరణించాక, చార్ల్స్‌టన్‌లోనే ఖననమయ్యారు. అక్కడి ఫెడరల్ కోర్టు భవనానికి ఆయన పేరు పెట్టింది 2015లో.

నియమించిన అధ్యక్షుడి పేరు రాయవద్దని నేను కోరడం లేదు. దాని పక్కనే ఆ న్యాయమూర్తి ఇదివరకు ఇచ్చిన ముఖ్యమైన తీర్పుల గురించి రెండు వాక్యాలు చేర్చగలరు. అలాగే ‘డిస్ట్రిక్ట్ జడ్జి’ని ‘జిల్లా జడ్జి’ అని అనువదించినప్పుడు, ఆ పదవికి అధ్యక్షుడి నియామకం, సెనేట్ ఆమోదం అవసరమని ఒక్కసారైనా పాఠకులకు చెప్పగలరు.

– ఒక విశ్రాంత న్యాయవాది, గుంటూరు