ఏసీ బిగించాక ఒక చెంబు నీళ్లు పోసి చూపించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది నల్గొండ, పానగల్ రోడ్డు వైపు. అద్దె ఇల్లు. ముందు గదిలో మిషన్ పెట్టుకొని బ్లౌజులు కుడతాను. పోయిన ఏడాది ఏప్రిల్‌లో చిట్టీ పాడిన డబ్బుతో ఒక పాత స్ప్లిట్ ఏసీ కొని పడకగదిలో పెట్టించుకున్నాం. మే నెలంతా చుక్క కారలేదు. జూలైలో వానలు పడ్డాక గోడ మీద ధార మొదలైంది. ఎండాకాలం లేని నీళ్లు ఇప్పుడెక్కడివి? మెకానిక్ వచ్చి గ్యాస్ తక్కువుందన్నాడు, నింపి డబ్బు తీసుకొని వెళ్లాడు. నాలుగు రోజులకు మళ్లీ అంతే.

చివరికి మా గల్లీలో ఉండే ముసలి ఎలక్ట్రీషియన్ నిచ్చెన ఎక్కి చూసి నవ్వాడు. నీళ్లు పోయే పైపు లోపల కిందికి, గోడ అవతల పైకి ఉంది. "నీళ్లు ఎగువకు పారతాయా బిడ్డా?" అన్నాడు. పైపులో పాచి కూడా పట్టింది. మా దగ్గర మే నెలలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఏసీలో నీళ్లు తక్కువ ఊరతాయట, వానాకాలం తేమకు బాగా ఊరతాయట. అంటే తప్పు బిగించిన రోజు నుంచే ఉంది.

అప్పటికే బీరువా వెనక గోడంతా నల్లగా బూజు. మనకు సాలెగూడూ బూజే, పచ్చడి మీద పట్టేదీ బూజే కదా. మా తోటికోడలు బూజుకర్ర తెచ్చి దులిపేసింది. ఆ పొడంతా గదిలో లేచి మా చిన్నోడు రెండు రాత్రులు దగ్గుతూనే ఉన్నాడు. పొడిగా ఉన్నప్పుడు దాన్ని దులపొద్దు. మాస్క్ కట్టుకొని, సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడవాలి. ఒకావిడ బ్లీచింగ్ పౌడర్‌లో బాత్రూమ్ యాసిడ్ కలిపి కడగమంది. ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. అదృష్టం, ఆ పని చేయలేదు.

ఇంటి ఓనరు పెయింటర్‌ను పంపి ఉబ్బిన లప్పం మీదే కొత్త లప్పం పెట్టించి రంగు వేయించాడు. నెల తిరక్కుండా మచ్చలు పైకి తేలాయి. తర్వాత మేమే ఆ లప్పం గీకి, పది రోజులు ఫ్యాన్ పెట్టి గోడ ఆరబెట్టాకే రంగు వేశాం. ఇప్పటికి మళ్లీ రాలేదు. బీరువాను గోడకు జానెడు దూరం జరిపాను.

నష్టం గోడతో పోలేదు. ఫాల్ కుట్టమని ఒకామె ఇచ్చిన పోచంపల్లి పట్టుచీర ఆ బీరువా కింది అరలో ఉంది. మడత విప్పితే అంచు పొడుగునా బూడిద రంగు చుక్కలు, ముక్కిన వాసన. ఆమె గట్టిగా ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. ఆరు బ్లౌజులు ఊరికే కుట్టిచ్చాను.

ఏసీలు బిగించే తమ్ముళ్లకు నా మనవి ఒక్కటే. నిచ్చెన దిగే ముందు జాలీ తీసి లోపలి ట్రేలో ఒక చెంబు నీళ్లు మెల్లగా పోయండి. అవి బయట పైపులోంచి పడుతుంటే ఇంటివాళ్లను పిలిచి చూపించి, ఆ తర్వాతే డబ్బు అడగండి. రెండు నిమిషాల పని.

ఇట్లు,
ఒక దర్జీ, నల్గొండ