తెలుగు పేరును కోసేసే సాఫ్ట్‌వేర్

సంపాదకులకు నమస్కారం.

కొత్త యాప్‌ల గురించి, ఫోన్ల గురించి మీ పత్రికలో తరచూ రాస్తున్నారు. కెమెరా ఎలా ఉంది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది అన్నవి వివరంగానే ఉంటున్నాయి. అదే యాప్‌లో పేరు తెలుగులో రాస్తే ఏమవుతుందన్నది మాత్రం ఎవరూ చూడటం లేదు. ప్రోగ్రాములు రాసేవాళ్లలో చాలామంది కూడా ఆ పరీక్ష చేయకుండానే వదిలేస్తున్నారు. పేరు ఫారంలో ఇమడకపోయినా, అచ్చులో ఒత్తులు చెదిరినా 'తెలుగు కంప్యూటరుకు కష్టమైన లిపి' అని సరిపెట్టుకుంటున్నాం. ఈ మాటతో నాకు పేచీ ఉంది. ప్రపంచ లిపుల్లోని ఒక్కో గుర్తుకు ఒక్కో నంబరు, అంటే సంకేతం, ఇచ్చే ప్రమాణం యూనికోడ్. 1991లో వెలువడ్డ దాని మొదటి వెర్షన్ నుంచే తెలుగుకు అందులో చోటుంది. తప్పులు జరిగే చోట్లు కొన్నే, వాటిని సరిచేసే పద్ధతులు తెలిసినవే.

అన్నిటికన్నా పెద్ద గొడవ లెక్క దగ్గర వస్తుంది. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంకేతాలు. ఆ సంకేతాలను బైట్లుగా నిల్వ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడుతుంది కాబట్టి మొత్తం 18 బైట్లు. ఇప్పుడు 'వెంకట సత్యనారాయణ' అన్న పేరు తీసుకోండి. పలకడానికి తొమ్మిది అక్షరాలు. మధ్యనున్న ఖాళీతో కలిపి సంకేతాలు 16, బైట్లు 46. డేటాబేస్‌లో పేరుకు 30 బైట్లే కేటాయించి ఉంటే కొన్ని వ్యవస్థలు పట్టదని చెప్పి ఆగిపోతాయి. అది నయం. కొన్ని కిక్కురుమనకుండా కోసేస్తాయి. 'వెంకట సత్య' వరకు 28 బైట్లు అయిపోతాయి, మిగిలిన రెండిట్లో 'న' పూర్తిగా పట్టదు. తెర మీద ఆ పేరు పక్కన నల్లటి డైమండ్ గుర్తులో ప్రశ్నార్థకం కనబడేది ఇందుకే. ఆ తెగిన ముక్కను కూడా చెరిపేసే ప్రోగ్రాములున్నాయి. అప్పుడు మరీ ప్రమాదం. 'వెంకట సత్య' అన్నది చూడటానికి నిక్షేపంగా ఉండే పేరు, కాకపోతే మరొకరిది.

ఒరాకిల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో పేరు కాలమ్‌కు 'వర్‌క్యార్2(30)' అని కొలత ఇస్తే, సెట్టింగు మార్చి ఉండకపోతే, 30 బైట్లు. '30 క్యార్' అని విడిగా రాయాలి. మైసీక్వెల్‌లో, పోస్ట్‌గ్రెస్‌లో అదే 30 అంకె సంకేతాలకు వర్తిస్తుంది, బైట్లకు కాదు. సీక్వెల్ సర్వర్‌ది ఇంకో తీరు. అక్కడ మామూలుగా కాలమ్ 'ఎన్‌వర్‌క్యార్' అయి ఉండాలి, క్వెరీలో, అంటే డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశంలో, నేరుగా రాసే తెలుగు మాటకు ముందు 'ఎన్' అక్షరం పెట్టాలి. ఆ ఒక్క 'ఎన్' మరిచిపోతే పేరంతా వరుసగా ప్రశ్నార్థకాలుగా మారి నిల్వ అవుతుంది. ఆ తర్వాత దాన్ని వెనక్కి తెచ్చే మార్గం లేదు, మళ్లీ అడిగి రాయించుకోవాల్సిందే.

రెండో చోటు 'పేరులో అక్షరాలే ఉండాలి' అనే నిబంధన. ఇంగ్లిష్ ఏ నుంచి జెడ్ వరకు మాత్రమే ఒప్పుకునే ఫారాలు తెలుగును గుమ్మం దగ్గరే ఆపేస్తాయి. అది కనీసం వెంటనే తెలిసిపోతుంది. ఏ భాష అక్షరమైనా సరే అని కొంచెం ఆలోచించి రాసినవాటిలో తప్పు దాక్కుని ఉంటుంది. యూనికోడ్ లెక్కలో క, మ, ల అక్షరాలు, అంటే 'ఎల్' తరగతి. గుడి, కొమ్ము, సున్న, పొల్లు వంటివి గుర్తులు, అంటే 'ఎమ్' తరగతి. 'కమల' అని కొట్టి చూస్తే ఫారం ఒప్పుకుంటుంది, పరీక్ష అయిపోయిందనుకుంటారు. 'కవిత' అని కొట్టగానే గుడి దగ్గర తిరగ్గొడుతుంది. పైథాన్ భాషలో 'అన్నీ అక్షరాలేనా' అని చూసే 'ఈజ్ఆల్ఫా' కూడా 'రవి'ని అక్షరాల మాటగా ఒప్పుకోదు. నిబంధనలో 'ఎల్'తో పాటు 'ఎమ్'ను, ఖాళీని, ఇంకా 8204 నంబరు సంకేతాన్ని చేర్చాలి.

ఈ 8204 కంటికి కనబడదు. పొల్లు తర్వాత వచ్చే హల్లు ఒత్తుగా మారకుండా అడ్డుపడటం దాని పని. 'రాజ్‌కుమార్'లో జకారప్పొల్లు విడిగా నిలబడేది దానివల్లే. దాన్ని చెత్త కింద జమకట్టి తొలగిస్తే 'రాజ్కుమార్' అని జకారం కింద కవత్తు వచ్చి కూర్చుంటుంది. కాబట్టి నిల్వ చేసేటప్పుడు ఉంచాలి, వెతికేటప్పుడు రెండువైపులా తీసేసి పోల్చాలి. లేకపోతే ఒకరు దానితో రాసిన పేరు, దాన్ని వాడకుండా వెతికేవారికి ఎప్పటికీ దొరకదు. 'శైలజ'కూ ఇలాంటి చిక్కే. ఐత్వాన్ని 3144 అనే ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వానికి 3158ని చేర్చి రెండుగానూ రాయవచ్చు. రెండూ చూడటానికి ఒక్కటే, ప్రోగ్రాముకు మాత్రం వేర్వేరు మాటలు. పేరు లోపలికి వచ్చేటప్పుడే, ఇలాంటి జంటలను ఒకే సంకేతంగా కలిపే 'ఎన్ఎఫ్‌సీ' పద్ధతిలోకి మార్చుకుంటే ఈ బాధ తీరుతుంది. అది 8204ను తీసేయదు, ఆ పని విడిగా చేసుకోవాలి.

ఎక్సెల్‌లో తెలుగు జాబితా తెరవగానే పిచ్చి గీతలు కనబడితే కంగారుపడి ఫైలు పారేయనక్కర్లేదు. అది యూటీఎఫ్-8 ఫైలును పాత పాశ్చాత్య సంకేతాలుగా చదవడం వల్ల వచ్చే రూపం. సేవ్ చేయకుండా మూసేసి, ఖాళీ షీటులో 'డేటా' ట్యాబ్ నుంచి టెక్స్ట్ లేదా సీఎస్‌వీ ఫైలును ఎంచుకుని, ఫైల్ ఒరిజిన్ దగ్గర యూటీఎఫ్-8ను సూచించే 65001 పెడితే పేర్లు చక్కగా వస్తాయి. ఫైలు తయారుచేసేవాళ్లు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' రకంలో సేవ్ చేస్తే చదివేవారికి ఈ పని కూడా ఉండదు.

తెర మీద పొడవైన పేరును కుదించి చుక్కలు పెట్టేటప్పుడు సంకేతాల లెక్కన కోయడం ఇంకో పొరపాటు. 'లక్ష్మి'ని మూడో సంకేతం దగ్గర కోస్తే 'లక్' మిగులుతుంది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాల ప్రకారం తెలుగు సంయుక్తాక్షరం మొత్తం ఒకే ముక్క. అంతకు ముందటి నియమాలతో నడిచే లైబ్రరీలు, అంటే ప్రోగ్రామర్లు తెచ్చుకుని వాడే సిద్ధంగా ఉన్న కోడ్, 'స్త్రీ'ని మూడు ముక్కలు చేస్తాయి. వాడుతున్న లైబ్రరీ ఏ వెర్షనో చూసుకోవాలి. పేరును అక్షరాలుగా సొంతంగా విడగొట్టే కోడ్ రాయడం మాత్రం అనవసరం. జావాస్క్రిప్ట్‌లో 'ఇంటల్ సెగ్మెంటర్' ఆ పని కోసమే ఉంది.

ఇక ధ్రువపత్రాలు, రసీదులు. పీడీఎఫ్ తయారుచేసే చిన్న లైబ్రరీలు చాలావరకు సంకేతాలను వరుసగా పేర్చుకుంటూ పోతాయి. ఒత్తు కిందికి దిగకుండా పక్కనే పొల్లుతో నిలబడేది అందుకే. ఫాంట్ మార్చి లాభం లేదు. అక్షరాలను జతచేసే షేపింగ్ పని హార్ఫ్‌బజ్ వంటి ఇంజిన్ చేయాలి. పేజీని హెచ్‌టీఎంఎల్‌లో రాసి బ్రౌజరు ద్వారానే పీడీఎఫ్‌గా మార్చడం అన్నిటికన్నా సులువు, ఎందుకంటే బ్రౌజర్లలో ఆ ఇంజిన్ ముందే ఉంటుంది.

పెద్ద సంస్థలకైనా ఈ పరీక్ష తప్పదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'కు 8204ను కలిపిన ఒక్క తెలుగు కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయి. ఆపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది.

మీ సాంకేతిక విభాగానికి నా విన్నపం ఒక్కటే. ఏ యాప్ గురించి రాసినా అందులో కవిత, లక్ష్మి, శైలజ, రాజ్‌కుమార్, వెంకట సత్యనారాయణ అన్న ఐదు పేర్లు నమోదు చేయండి. సేవ్ చేసి, మళ్లీ తెరిచి, వెతికి, పీడీఎఫ్ తీసి చూడండి. ఏ పేరు ఎక్కడ విరిగిందో రాసేయండి. ఆ వివరం చూస్తే తప్పు ఏ వరుసలో ఉందో ప్రోగ్రామర్ వెంటనే పోల్చుకోగలడు.

ఇట్లు,
ఒక ప్రోగ్రామర్