పక్షవాతం తర్వాత మతినీ, పొట్టనూ కూడా చూడాలి

సంపాదకుల వారికి,

పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన వారికి కోనసీమ పల్లెల్లో ఫిజియోథెరపీ చేయించడం నా వృత్తి. చెయ్యి లేస్తోందా, కాలు పడుతోందా అని ఇంటిల్లిపాదీ కనిపెట్టుకుని ఉంటారు గాని, మనిషి ఆలోచన ఎలా ఉందో అడిగేవారు అరుదు. చేతికర్రతో కాలవగట్టు దాకా నడిచి వస్తున్న ఒక కొబ్బరి రైతు, దింపు కాయలు లెక్కపెడుతూ మధ్యలో అంకె తప్పి, మళ్లీ మొదలుపెట్టి, చివరికి కొడుకు ముఖంలోకి చూసి ఊరుకున్నాడు. ఇంట్లోవారు దాన్ని వయసు మీదికి నెట్టేశారు. నిజానికి పక్షవాతం వచ్చిన ప్రతి 3 మందిలో కనీసం ఒకరికి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తగ్గుతాయన్నది వైద్యులకు తెలిసిన విషయమే.

ఇందులో పేగుల్లోని బాక్టీరియా పాత్ర ఎంత అన్నదానిపై ఇప్పుడు విస్తృతంగా పరిశోధన సాగుతోంది. పక్షవాతంతో మెదడు దెబ్బతిన్నాక పేగుల కదలిక మందగిస్తుంది, పేగుగోడ పట్టు సడలి బాక్టీరియా తాలూకు పదార్థాలు రక్తంలోకి చేరి వాపును పెంచుతాయి, ఆ వాపు మెదడు కోలుకోవడానికి అడ్డుపడుతుందని పరిశోధకులు భావిస్తున్నారు. పీచును పులియబెట్టి బ్యూటిరేట్ వంటి ఆమ్లాలను తయారుచేస్తూ పేగుగోడను కాపాడే బాక్టీరియా ఈ రోగుల్లో తగ్గినట్లు పలు అధ్యయనాల్లో కనిపించింది. పేగు బాక్టీరియాకూ మతి తగ్గడానికీ మధ్య ఎలుకల్లో చూపిన కార్యకారణ సంబంధం మనుషుల్లో ఇంకా రుజువు కాలేదు కనుక, ప్రోబయోటిక్ (మేలుచేసే బాక్టీరియా ఉండే) గుళికలతో మతి తిరిగి వస్తుందనే మాట నమ్మి ఎవరూ డబ్బు పోగొట్టుకోవద్దని నా మనవి.

అయితే మన ఇళ్లలో జరుగుతున్నది చూస్తే ఆందోళన కలుగుతోంది. వాతం చేస్తుందంటూ పప్పులూ కూరలూ మాన్పించి, నెలల తరబడి గంజీ, పాలూ బ్రెడ్డుతో సరిపెడుతున్నారు. మలబద్ధకం రోజుల తరబడి సాగినా డాక్టరుకు చెప్పరు. మింగడంలో ఇబ్బంది లేదని పరీక్షలో తేలిన వారికి మెత్తగా ఉడికించిన తోటకూర, పెసరపప్పు, చోడి జావ, పెరుగన్నం పెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. మూత్రపిండాల జబ్బు, షుగరు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడిగి తీసుకోవాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో పక్షవాత రోగులు తిరిగి చూపించుకోవడానికి వచ్చినప్పుడు బీపీ, షుగరుతో పాటు, చదువురాని వారికీ సరిపడే జ్ఞాపకశక్తి పరీక్షను తెలుగులో జరపాలనీ, విరేచనం ఎలా అవుతోందో, ఏం తింటున్నారో అడిగి చీటీలో రాయాలనీ జిల్లా వైద్యాధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు,
అమలాపురం