చేపలూ నిద్రపోతాయి, రాత్రిపూట లైటు తీసేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పిల్లల పేజీలో ‘చేపలు నిద్రపోతాయా?’ అని ఒక పాప అడిగింది. ‘వాటికి కనురెప్పలు ఉండవు, కాబట్టి నిద్రపోవు’ అని మీవాళ్లు ఒక్క ముక్కలో తేల్చేశారు. రెప్పలు లేవన్నది చాలా చేపల విషయంలో నిజమే. నిద్రపోవన్నది మాత్రం నిజం కాదండి. నేను రాజమండ్రిలో అక్వేరియం దుకాణం నడుపుతాను. ఇళ్లకు, హోటళ్లకు వెళ్లి ట్యాంకులు శుభ్రం చేసి వస్తుంటాను కూడా. ‘దానికి నిద్రేమిటండీ, చేప కదా’ అనే మాట రోజూ ఎవరో ఒకరి నోట వింటూనే ఉంటాను. ఇప్పుడది పేపర్లో కూడా వచ్చేసరికి ఊరుకోబుద్ధి కాలేదు.

రాత్రి దుకాణంలో లైట్లు తీసేసి, లెక్కలు చూసుకుని, వెళ్లేముందు సెల్‌ఫోను వెలుగు నేరుగా పడకుండా గోడ వైపు తిప్పి ట్యాంకులన్నీ ఓసారి చూస్తాను. పొద్దున్న నీలంగా తళతళలాడిన నియాన్ టెట్రా అప్పటికి వెలిసిపోయి, ఇది ఆ చేపేనా అన్నట్టు ఉంటుంది. గోల్డ్ ఫిష్‌లు అడుగుకు దిగి, మూతి కాస్త కిందికి వంచి, ఉన్నచోటే ఉంటాయి. పక్క రెక్కలు మాత్రం ఎప్పుడో ఒకసారి కదులుతాయి. మొప్పల కదలిక కూడా నెమ్మదిస్తుంది. పగలు అద్దం మీద వేలు పెడితే కరవడానికి ఉరికివచ్చే ఫ్లవర్‌హార్న్ రాత్రి మూలకు చేరి, దగ్గరికెళ్లినా పట్టించుకోదు. సక్కర్ ఫిష్‌ది వేరే లెక్క. పగలంతా చెక్క కింద దాక్కుని, అందరూ పడుకున్నాక బయటికొచ్చి నాచు గీకడం మొదలుపెడుతుంది. మన వాలుగలు, జెల్లలు కూడా రాత్రి తిరిగేవే. రాత్రి డ్యూటీ చేసినంత మాత్రాన వాటికి నిద్ర లేదంటే ఎలా?

క్లౌన్ లోచ్ అని నారింజ రంగు మీద నల్ల పట్టీలున్న చేప ఒకటి అమ్ముతాం. దాన్ని కొన్నవాళ్ల దగ్గర్నుంచి నాకు రాత్రిపూట ఫోన్లు వస్తాయి.

‘ఏవండీ, మీరిచ్చిన చేప పోయినట్టుందండి. పక్కకి ఒరిగి పడిపోయింది.’

‘లైటు ఇప్పుడే వేశారాండి?’

‘ఆయ్, ఇప్పుడేనండి.’

‘ఓ పది నిమిషాలాగి చూడండి. దాని పడకే అంత.’

ఆ చేప పక్కకు ఒరిగే పడుకుంటుంది. చచ్చిందనుకుని వల వేస్తే అది ఉలిక్కిపడి అద్దానికి కొట్టుకుంటుంది, వల పట్టుకున్నాయన అంతకంటే ఎక్కువ ఉలిక్కిపడతాడు.

కదలకుండా ఉన్నంత మాత్రాన నిద్ర అంటామా అని మీరు అడగొచ్చు. మా అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ చదివింది, నేనూ అదే అడిగాను. శాస్త్రవేత్తలు రెప్ప వాలిందా లేదా అని చూడరట. రోజూ ఒక వేళకు ఒకే తీరున కుదురుకుంటుందా, చిన్న అలికిడికి వెంటనే స్పందించకుండా ఉంటుందా, గట్టిగా కదిపితే లేస్తుందా, నిద్ర చెడగొడితే తర్వాత ఎక్కువసేపు పడుకుంటుందా అని చూస్తారట. వీటిలో చివరిదే అసలు పరీక్ష అని నాకనిపించింది. బాకీ తీర్చుకుంటోందంటే అది ఊరికే ఆగి ఉండటం కాదన్నమాట.

ఆ పరీక్ష చేసింది కూడా మన చేప మీదే. జీబ్రా డానియో, ఒంటి మీద నీలం చారలుండే వేలెడంత కూడా లేని చేప. ఇది ఉత్తర భారతం, బంగ్లాదేశ్, నేపాల్ వైపు వాగుల్లో, పొలాల పక్క నీళ్లలో పుట్టింది. ఏ దుకాణంలోనైనా చవగ్గా దొరికే సరుకు. ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలలకు ఇదే కావాలి, ఎందుకంటే పిల్లగా ఉన్నప్పుడు ఒళ్లు గాజులా ఉండి లోపల మెదడు కనపడుతుంది. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వాళ్లు వీటిని చిన్న చిన్న కరెంటు తాకిడితో నిద్రపోనివ్వకుండా చేశారు. తర్వాత వదిలేస్తే చీకట్లో మామూలు కంటే ఎక్కువ పడుకున్నాయి. మళ్లీ 2019లో అక్కడి ఫిలిప్ మూరాన్ బృందమే రెండు వారాల పిల్లల్ని జెల్లీలో కదలకుండా నిలిపి, మెదడు కణం పనిచేసినప్పుడల్లా మెరిసేలా చేసి, ప్రత్యేకమైన మైక్రోస్కోపుతో చూసింది. నిద్రలో వాటి మెదడులో రెండు రకాల స్థితులు కనిపించాయి. ఒకటి మన గాఢనిద్రను పోలింది, ఇంకోటి మనం కలలు కనే నిద్రకు దగ్గరగా ఉంది. ఆ రెండోదాంట్లో మనకు కనుగుడ్లు గబగబా తిరుగుతాయి. ఈ చేపలకు తిరగలేదు. కండరాలు సడలడం, గుండె నెమ్మదించడం మాత్రం ఉన్నాయి. దీన్నిబట్టి ఈ రకం నిద్ర 45 కోట్ల ఏళ్ల కిందటిదై ఉండాలని వాళ్ల అంచనా. అది ‘నేచర్’ పత్రికలో వచ్చింది.

చేపలన్నీ ఒక్కలాగే పడుకుంటాయని నేననను. పగడపు దిబ్బల దగ్గరుండే చిలక చేపల్లో కొన్ని రాత్రికి నోటి నుంచి జిగురు వదిలి ఒళ్లంతా సంచిలా కప్పుకుంటాయి. రక్తం పీల్చే చిన్న పురుగుల నుంచి అది కాపాడుతుందని 2011లో ఆస్ట్రేలియా వాళ్లు తేల్చారు, అంటే ఒకరకంగా దోమతెరే. మెక్సికో గుహల్లోని గుడ్డి చేపలు బయట ఏరుల్లో ఉన్న తమ జాతివాటికంటే చాలా తక్కువ పడుకుంటాయి. ట్యూనాలాంటివి ఈదుతూ ఉంటేనే మొప్పల్లోకి నీరు అందుతుంది కాబట్టి వాటి సంగతి వేరు.

నా గొడవంతా వెలుతురు గురించి. ఆ 2007 ప్రయోగంలోనే ఇంకో సంగతి బయటపడింది. జీబ్రా చేపల్ని ఎడతెగని వెలుగులో ఉంచితే, మొదటి రోజుల్లో నిద్ర దాదాపు లేకుండా పోయింది. కళ్లు మూసుకుందామంటే వాటికి రెప్పలే లేవు కదా. మీ పేజీలో నిద్రపోవనడానికి చూపిన ఆ కారణమే, చేపకు మనకంటే చీకటి ఎక్కువ అవసరమని చెబుతోంది.

మా ఊళ్లో ఒక ఆసుపత్రి రిసెప్షన్లో ట్యాంకు పెట్టింది నేనే. రోగుల వెంట వచ్చినవాళ్లకు కాస్త కాలక్షేపమని పెట్టించుకున్నారు. లైటు రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది. నేను వెళ్లినప్పుడల్లా చేపలన్నీ ఫిల్టరు వెనక పడే కాస్త నీడలో ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉంటాయి. వేసిన మేత అడుగున కుళ్లుతుంటుంది. అద్దం నిండా నాచు. అక్కడ చేపలు తరచూ పోతుంటే నిద్ర లేకనేనని ప్రమాణం చేయలేను. నీళ్లు మార్చకపోవడం, ఎవరు పడితే వాళ్లు బిస్కెట్లు వేయడం కూడా ఉన్నాయి. నా డబ్బులతో టైమరు బిగించి వస్తే, ‘చీకటిగా ఉంటే బాగోదు’ అని ఎవరో పీకేసి ప్లగ్గు నేరుగా పెట్టేశారు. ఇప్పటికీ వెలుగుతూనే ఉంది. వాస్తు కోసం హాల్లో చేపను పెట్టుకుని, రాత్రి లైటు ఆర్పితే లక్ష్మి పోతుందనుకునే ఇళ్లు కూడా చూశాను. లక్ష్మి సంగతి నాకు తెలీదు, కరెంటు బిల్లు మాత్రం పెరుగుతుంది.

కాబట్టి వచ్చే ఆదివారం ఆ పాపకు సరైన జవాబు వేయండి. కింద చిన్న అక్షరాలతోనైనా ఈ నాలుగు మాటలు కలపండి. రోజుకు ఎనిమిది, పది గంటల వెలుగు చాలు. లైటు వేసేటప్పుడు ముందు గదిలో దీపం వేసి, కాసేపయ్యాక ట్యాంకు లైటు వేయండి, లేకపోతే చేపలు బెదిరి అద్దానికి కొట్టుకుంటాయి. రాత్రి నిశ్చలంగా కనపడితే అద్దం మీద కొట్టి లేపొద్దు. లైటుతోపాటు ఎయిర్ పంపు కూడా ఆపేవాళ్లు చాలామంది ఉన్నారు, అది ఆపకూడదు. ట్యాంకులో మొక్కలుంటే రాత్రి అవి కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి.

ఇట్లు,
ఒక అక్వేరియం దుకాణదారు,
రాజమండ్రి