పని బాగా చేస్తున్నావని నువ్వు బాగున్నట్టు కాదురా

ఒరేయ్ సూరీ,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే "ఫస్ట్ క్లాస్‌రా" అంటావు, ఉత్తరం అక్కడితో ఆగిపోతుంది.

నాన్న షష్టిపూర్తి రోజు నిన్ను చూస్తూనే ఉన్నాను. బంతుల మీద బంతులు వడ్డన నడిపించావు. ఎవరికి షుగరో, ఎవరు ఉల్లి తినరో అన్నీ నీకే గుర్తు. "సూరి ఉంటే చాలు" అని ప్రతివాళ్లూ అన్నవాళ్లే. రాత్రి డాబా మీద పడుకున్నాక, "పెరుగు విషయంలో నేనన్నదానికి మీ పెదనాన్న ఏమైనా అనుకున్నారంటావా?" అన్నావు. లేదన్నాను. కాసేపాగి మళ్లీ అడిగావు. తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే, దవడ బిగించి ఫోన్‌లో మీ బ్యాంకు బ్రాంచి ఆడిట్ కాగితాలు తిరగేస్తున్నావు. అప్పటినుంచీ నా మనసు నీ దగ్గరే ఉంది.

నా సంగతి నీకు చెప్పలేదు కదా. కొన్నాళ్లుగా ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్తున్నాను. మీ చెల్లెమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. ఆఫీసులో నా మీద ఒక్క కంప్లయింట్ లేదు, కానీ నిద్ర లేదు, గుండెదడ. ముందు ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష చేయించారు, రెండూ నార్మల్. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే దడ వస్తుందట, కాబట్టి నువ్వూ ఆ పరీక్ష చేయించుకో.

పైకి పనులన్నీ సవ్యంగా సాగుతూ లోపల ఇలా ఆందోళన ఉండటాన్ని చాలామంది హై ఫంక్షనింగ్ ఆంగ్జయిటీ అంటున్నారు. డాక్టర్ల పుస్తకాల్లో ఆ పేరుతో జబ్బేమీ లేదు. ఉన్నది జనరలైజ్డ్ ఆంగ్జయిటీ డిజార్డర్, పొట్టిగా జీఏడీ. కనీసం ఆరు నెలలుగా చాలా రోజులు అదుపులేని ఆందోళన, దాంతోపాటు నిద్ర పట్టకపోవడం, ఒళ్లు బిగుసుకుపోవడం, చిరాకు, అలసట లాంటివి. నాకు కళ్లు తెరిపించిన మాట ఇంకొకటుంది. ఉద్యోగమో సంసారమో దెబ్బతింటేనే అది జబ్బని కాదు, లోపల తీవ్రమైన బాధ ఉన్నా చాలట. "అన్నీ సవ్యంగానే జరుగుతున్నాయి కదా, నాకేం రోగం" అని మనమనుకునేది అందుకే చెల్లదు. నీ బ్యాలెన్స్ రోజూ టాలీ అవుతుంది, సరే. దానికి నువ్వేం చెల్లిస్తున్నావో ఎవరూ లెక్క రాయడం లేదు.

జీఏడీ-7 అని 7 ప్రశ్నల ఫారం ఉంది. గత రెండు వారాల్లో ఎలా ఉన్నావో చూసి ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు వేసుకోవాలి. మొత్తం 21కి 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టర్ని కలవడం మంచిది. అది జబ్బు తేల్చే పరీక్ష కాదు, కలవాలా వద్దా అన్నది చెబుతుంది, అంతే. అందులో చివరిది, ఏదో ఘోరం జరగబోతున్నట్టు భయంగా ఉంటోందా అన్న ప్రశ్న. దాని దగ్గర పెన్ను పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఇక థెరపీ అంటే సోఫాలో పడుకుని చిన్నప్పటి సంగతులు చెప్పడం అనుకోకు. నాకు చేస్తున్నది సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. మన ఆలోచనల్నీ అలవాట్లనీ పరీక్షించి మార్చుకునే పద్ధతి. క్లయింట్‌కి జీఎస్టీ లెక్కలు పంపేముందు నాలుగైదుసార్లు చూడటం, పంపాక సెంట్ ఐటమ్స్ తెరిచి మళ్లీ చూడటం నా అలవాటు. ఈసారి ఒక్కసారే చూసి పంపమన్నారు మేడమ్. పంపేముందు ఏం జరుగుతుందనుకుంటున్నానో కాగితం మీద రాయమన్నారు. "తప్పు పోతుంది, క్లయింట్ వెళ్లిపోతాడు, సార్ నన్ను పక్కన పెడతారు. నమ్మకం 80 శాతం" అని రాశాను. పంపాను. సాయంత్రం దాకా కడుపులో తిప్పింది. క్లయింట్ నుంచి వచ్చింది "నోటెడ్, థాంక్స్" అని రెండు ముక్కలు. దాన్ని ఆ కాగితం మీదే పక్కన రాశాను. తర్వాత కావాలనే ఒక అక్షరదోషం వదిలి తోటి ఉద్యోగికి మెయిల్ పంపమన్నారు. పంపడానికి చేయి రాలేదురా. ఆయన అసలు గమనించనే లేదు.

మళ్లీ మళ్లీ చూసుకుంటే ఆ నిమిషానికి ఊరట. కానీ "చూశాను కాబట్టే గండం గడిచింది" అని మెదడు నేర్చుకుంటుంది, మర్నాడు ఇంకోసారి ఎక్కువ అడుగుతుంది. నువ్వు "ఏమైనా అనుకున్నారంటావా" అని అడగడమూ ఇదే. అందుకని ముందే చెబుతున్నాను, ఇకమీదట ఒక్కసారే జవాబు చెబుతాను. రెండోసారి ఊరుకుంటే ప్రేమ తగ్గిందనుకోకు.

నీ అసలు భయం నాకు తెలుసు. ఈ టెన్షన్ వల్లే ఇంత దూరం వచ్చాను, ఇది పోతే చేతగానివాణ్నవుతానేమో అని. నేనూ మొదటిరోజు ఇదే అడిగాను. నెలనెలా 20వ తేదీలోపు నా 3బీలు, అదే జీఎస్టీ రిటర్నులు, ఇప్పటికీ వెళ్తున్నాయిరా, లెక్కలూ సరిగ్గానే ఉంటున్నాయి. శ్రద్ధ ఎక్కడికీ పోలేదు. పనైపోయాక కూడా మిగిలే ఆ వణుకే తగ్గింది, అదీ పూర్తిగా కాదు. మార్చి నెలాఖరులో మళ్లీ తిరగబెట్టింది. మేడమ్‌కి చెబితే ఆ కాగితం పద్ధతే మళ్లీ మొదలుపెట్టించారు.

ఎవరి దగ్గరికి వెళ్లాలంటే, క్లినికల్ సైకాలజిస్ట్‌కి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడుగు, అడగడంలో మొహమాటం వద్దు. సీబీటీ మామూలుగా వారానికొకటి చొప్పున 12 నుంచి 15 సెషన్లు ఉంటుంది. మందులు అవసరమైతే రాసేది సైకియాట్రిస్టు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో సొంతంగా మానేయకూడదు. మెడికల్ షాపులో అడిగి ఆల్ప్రాజోలం లాంటి మత్తు మాత్రలు తెచ్చుకోవడం మాత్రం వద్దు, అలవాటు పడితే మానడం కష్టం. బ్యాంకులో తెలుస్తుందేమో, ప్రమోషన్ ఆగుతుందేమో అనుకుంటావు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నీ వివరాలు గోప్యంగా ఉంచాలి, నీ అనుమతి లేకుండా బ్యాంకుకి చెప్పే వీల్లేదు. ఎదురుగా కూర్చుని చెప్పలేననిపిస్తే ముందు టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి, 14416. ప్రభుత్వానిదే, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

రెండో శనివారం నీకు సెలవే కదా. ఆ రోజుకి అపాయింట్‌మెంట్ తీసుకో, శుక్రవారం రాత్రి గౌతమి ఎక్కి రాజమండ్రిలో దిగుతాను. లోపలికి నువ్వు వెళ్లు, నేను బయట కూర్చుంటాను. మీ ఆవిడకి ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం. టైం ఖాయమయ్యాక మెసేజ్ పెట్టు, టికెట్ తీసుకుంటాను.

నీ
వేణు